మొదటి సెకండ్ హ్యాండ్ పిన్‌బాల్ మెషీన్ కొనడం ఎలా?

నా మొదటి పిన్‌బాల్ మెషీన్ 1992లో విలియమ్స్ కంపెనీ చేసిన ‘ద గెటవే: హై స్పీడ్ 2’. షికాగో శివార్లలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో చూశాను. పైన ఎర్రలైటు గిర్రున తిరుగుతోంది. గేర్ రాడ్ లాగితే ఇంజన్ శబ్దం. బంతి అయస్కాంతాల చుట్టలోకి దూరి రెప్పపాటులో గిరగిరా తిరిగి బయటికొస్తోంది. పది నిమిషాలు ఆడి, డబ్బు ఆయన చేతిలో పెట్టి ఇంటికి తెచ్చేసుకున్నాను.

మూడు వారాలకు మెషీన్ ఆన్ అవడం మానేసింది. వెనక డబ్బా తెరిచి చూస్తే లోపలి బోర్డు మీద బ్యాటరీలు కారి ఉన్నాయి. రాగి చెంబుకు పట్టే చిలుములాంటి ఆకుపచ్చటి పొడి, బోర్డు మీద రెండు వేళ్ల వెడల్పున పాకింది. చిప్ సాకెట్ కాళ్లు నల్లబడ్డాయి. బోర్డు రిపేర్‌కి 300 డాలర్ల పైన అయింది. అమ్మినాయన దాచి అమ్మాడని నేను అనుకోవడం లేదు, ఆయన కూడా ఏళ్ల తరబడి అది తెరిచి ఉండడు. కానీ తెరిచి చూడాల్సింది నేను. రెండు నిమిషాల పని.

ఆ తర్వాత చాలా మెషీన్లు చూశాను, కొన్ని కొన్నాను, ఎక్కువ వదిలేశాను. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పైనున్న అద్దం తీయకుండా, వెనక డబ్బా తెరవకుండా, ప్లేఫీల్డ్ (బంతి దొర్లే పలక) పైకి లేపకుండా కొనకండి. పిన్‌బాల్‌లో పాడయ్యేవి రెండు రకాలు. రబ్బర్లు, బల్బులు, ఫ్లిప్పర్ల (బంతిని కొట్టే చిన్న రెక్కల) లోపలి ముక్కలు, స్విచ్‌లు ఒక రకం. ఇవి చవక, చేత్తో మార్చుకోవచ్చు. ప్లేఫీల్డ్ మీది రంగు, బోర్డులు, కేబినెట్ చెక్క రెండో రకం. వీటికి డబ్బు, సమయం రెండూ ధారపోయాలి. మొదటి రకం లోపాలు చూసి భయపడొద్దు. రెండో రకం లోపాలు చూసీ మోహంలో పడొద్దు. కింద రాసినదంతా ఈ రెంటినీ వేరు చేసి చూడటం కోసమే.

మొదటి మెట్టు: ముందు ఆడండి, తలుపులు కొలవండి

చిన్నప్పుడు చెక్కపలక మీద మేకులు కొట్టి, వాటి మధ్య గోలీ వదిలి ఆడిన ఆట గుర్తుందా? పిన్‌బాల్ పుట్టింది అలాంటి బల్లల నుంచే. ‘పిన్’ అంటే ఆ మేకులే. ఫ్లిప్పర్లు పెట్టి, పడిపోతున్న బంతిని తిరిగి పైకి కొట్టే వీలు 1947లో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’తో వచ్చింది. అంతకుముందు బంతి అదృష్టం కొద్దీ కిందికి జారేది. అందుకే దీన్ని జూదమని న్యూయార్క్ నగరం 1942లో నిషేధించి, 1976 దాకా ఆ నిషేధాన్ని ఎత్తేయలేదు.

ఏ మెషీన్ మీకు నచ్చుతుందో ఫోటోలు చూసి తేల్చుకోలేరు. కనీసం ఇరవై రకాలు ఆడండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది కష్టం కాదు. న్యూజెర్సీలో ఉంటే ఆస్బరీ పార్క్‌లో సిల్వర్‌బాల్ రెట్రో ఆర్కేడ్ ఉంది. బే ఏరియాలో ఉంటే అలమీడాలో పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం. డాలస్ వైపు మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న ఫ్రిస్కోలోనే టెక్సస్ పిన్‌బాల్ ఫెస్టివల్ ఏళ్లుగా జరుగుతోంది. ఒకసారి టికెట్ కొంటే రోజంతా నాణెం వేయకుండా ఆడుకోవచ్చు. ఇక షికాగో అయితే ఈ ఆటకు పుట్టిల్లు. గాట్లీబ్, బ్యాలీ, విలియమ్స్ మూడూ ఇక్కడివే. ఇప్పుడు కొత్త మెషీన్లు చేస్తున్న స్టెర్న్ కూడా ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లోనే ఉంది.

తర్వాత టేపు తీసుకుని ఇల్లు కొలవండి. నిలబెట్టిన మెషీన్ సుమారు 29 అంగుళాల వెడల్పు, 55 అంగుళాల పొడవు, 76 అంగుళాల ఎత్తు. బరువు 250 నుంచి 300 పౌండ్లు, అంటే 115 నుంచి 135 కిలోలు. ముందు మనిషి నిలబడటానికి ఇంకో మూడడుగులు కావాలి. బేస్‌మెంట్ సీలింగ్‌లో గొట్టం వెళ్తున్న చోట ఎత్తు తగ్గుతుంది, అక్కడ ప్రత్యేకంగా కొలవండి. మెట్ల మలుపు దగ్గర కూడా. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు, కేబినెట్ రంగు వెలిసిపోతుంది.

రెండో మెట్టు: ఏ కాలం మెషీన్ కావాలి?

పేరు కన్నా ముందు కాలం తేల్చుకోండి. లోపలి యంత్రాంగం కాలాన్ని బట్టి మారుతుంది, మీరు నేర్చుకోవాల్సిన పని కూడా.

1970ల చివరి దాకా వచ్చినవి ఎలక్ట్రోమెకానికల్ మెషీన్లు. ఇందులో కంప్యూటర్ లేదు. రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్‌లు), తిరిగే స్కోర్ చక్రాలు, నిజమైన గంటలు. ఆ గంటల మోత ఒకసారి చెవిన పడితే మర్చిపోవడం కష్టం. ధర తక్కువ, మంచి కండిషన్‌లో ఉన్నవి కూడా 1,500 డాలర్ల లోపే తరచుగా కనిపిస్తాయి. కానీ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే లోపలి పాత గ్రీజు జిగురులా గడ్డకడుతుంది. వందల కాంటాక్టులు ఒక్కొక్కటీ శుభ్రం చేసే ఓపిక ఉన్నవాళ్లకు ఇవి మంచి బడి.

1977 నుంచి 1985 దాకా తొలితరం ఎలక్ట్రానిక్ మెషీన్లు. అంకెల డిస్‌ప్లేలు, వేగమైన ఆట. ఈ కాలపు బ్యాలీ బోర్డుల మీద రీచార్జబుల్ బ్యాటరీని నేరుగా సోల్డర్ చేసి ఉంచారు. అది కారి పాడుచేయని బోర్డు అరుదు. వాటి బదులు కొత్తగా తయారైన బోర్డులు దొరుకుతాయి కాబట్టి, ఆ ఖర్చు ధరలో తగ్గించుకుంటే భయం లేదు. ఇదే కాలపు గాట్లీబ్ ‘సిస్టమ్ 80’ మెషీన్లలో గ్రౌండ్ వైరింగ్ బలహీనత ఉంది. మొదటి మెషీన్‌గా నేను వాటిని సూచించను.

1986 నుంచి విలియమ్స్ ‘సిస్టమ్ 11’, 1990 నుంచి 1998 దాకా ‘డబ్ల్యూపీసీ’ (విలియమ్స్ పిన్‌బాల్ కంట్రోలర్) బోర్డులతో వచ్చిన మెషీన్లు. మొదటిసారి కొనేవాళ్లకు నా ఓటు ఈ డబ్ల్యూపీసీ కాలానికే. చాలావాటికి నారింజ చుక్కల డిస్‌ప్లే ఉంటుంది, కథలా సాగే ఆట ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తనలో ఏం పాడైందో మెషీన్ తానే చెబుతుంది. మాన్యువల్స్ నెట్‌లో దొరుకుతాయి, విడిభాగాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. 1992 నాటి ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ 20,270 మెషీన్లు అమ్ముడైంది, ఎలక్ట్రానిక్ పిన్‌బాల్‌లో అదే రికార్డు. అన్ని ఉన్నా ధర మాత్రం ఆకాశంలో ఉంది, అందరికీ అదే కావాలి మరి. అదే ఏడాది వచ్చిన ‘ఫిష్ టేల్స్’, ‘ద గెటవే’ లాంటివి దానికి తీసిపోవు, చేతికి అందే ధరలో ఉంటాయి.

1999లో విలియమ్స్ పిన్‌బాల్ తయారీ ఆపేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ ఆటను నిలబెట్టింది స్టెర్న్ ఒక్కటే. 2006 తర్వాతి స్టెర్న్ మెషీన్లు ఇళ్లలోనే వాడినవి చాలా దొరుకుతాయి, సోల్డరింగ్ జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు అవి మంచివి.

మూడో మెట్టు: ధర తెలుసుకోవడం, వెతకడం

ఏ మెషీన్ ఏ ఏడాదిది, ఎన్ని తయారయ్యాయి, ఎవరు డిజైన్ చేశారు అన్నది ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్‌లో ఉంటుంది. అమ్మకాలకు పిన్‌సైడ్ (పిన్‌బాల్ అభిమానుల సైట్) లోని మార్కెట్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్ చూడండి. ప్రకటనలో రాసిన ధర అడిగే ధర మాత్రమే, అమ్ముడైన ధర కాదు. రెండు నెలలు రోజూ చూస్తూ, ఏవి ఎంతలో ఉండి ఎన్ని రోజుల్లో మాయమవుతున్నాయో రాసుకోండి. ఆ కాగితమే మీకు మంచి ధరల పట్టిక.

నేను చూస్తున్న ప్రకటనల్లో తొలితరం ఎలక్ట్రానిక్‌వి సుమారు 1,500 నుంచి 3,000 డాలర్లు, మధ్యరకం డబ్ల్యూపీసీలు 4,000 నుంచి 6,000 మధ్య నడుస్తున్నాయి. బడ్జెట్ 5,000 అయితే 4,300కి మించని మెషీన్ చూసుకోండి. మిగిలిన డబ్బు మొదటి నెలలోనే రిపేర్లకు, తెచ్చుకోవడానికి అయిపోతుంది.

ప్రకటనల్లో కొన్ని మాటలు తరచుగా కనిపిస్తాయి. ‘హోమ్ యూజ్ ఓన్లీ’ అంటే బార్లలో, ఆర్కేడ్లలో పెట్టకుండా ఇంట్లోనే వాడినది. ముప్పై ఏళ్ల నాటి మెషీన్ విషయంలో ఆ మాట నిజమయ్యే అవకాశం చాలా తక్కువ. ‘రూటెడ్’ అంటే వ్యాపారానికి తిరిగినది. అది తప్పేం కాదు, బాగా చూసుకున్న ఆపరేటర్ దగ్గరిది ఇంట్లో తడి బేస్‌మెంట్‌లో పడున్నదాని కన్నా మేలు. ‘షాప్డ్’ అంటే విప్పి, కడిగి, రబ్బర్లు మార్చినది. అయితే కొందరు పైపైన తుడిచి కూడా ఆ మాటే రాస్తారు.

సగం ధరకు పెట్టి, చూడకముందే అడ్వాన్స్ పంపమంటే అది మోసం. మళ్లీ ఆలోచించే పని లేదు.

నాలుగో మెట్టు: బయల్దేరే ముందు అడగాల్సినవి

రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లి నిరాశ పడకుండా ఉండాలంటే నాలుగు ఫోటోలు అడగండి: అద్దం తీసిన ప్లేఫీల్డ్, బ్యాక్‌బాక్స్ (ఆ వెనక డబ్బా) లోపలి బోర్డులు, బ్యాటరీలను దగ్గరగా తీసిన ఫోటో, కేబినెట్ రెండు పక్కలు. ఎంతకాలంగా వాళ్ల దగ్గర ఉంది, ఇప్పుడు పనిచేయనిది ఏమిటి అని అడగండి. ‘ఏదైనా పాడైందా’ అని అడిగితే లేదంటారు. ‘పనిచేయనిది ఏమిటి’ అని అడిగితే ఆలోచించి చెబుతారు.

చివరగా ఒక్క మాట తప్పకుండా చెప్పండి: నేను వచ్చేదాకా దయచేసి ఆన్ చేయకండి. కొన్ని మెషీన్లు చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తాయి, వేడెక్కాక బాగుంటాయి. కొన్ని సరిగ్గా దానికి వ్యతిరేకం. రెండూ మీ కళ్లముందే జరగాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి: మంచి టార్చ్, మెత్తటి పాత దుప్పటి, ముఖం చూసుకునే చిన్న అద్దం, కొత్త ఏఏ బ్యాటరీలు మూడు, ఇంకో మనిషి. ఆ మనిషికి పిన్‌బాల్ తెలియకపోయినా పర్వాలేదు. మీ ఉత్సాహం పొంగుతున్నప్పుడు పక్కన నిదానంగా నిలబడే మనిషి కావాలి. నాకు ఆ మనిషి మా ఆఫీసులో సీనియర్ ఒకాయన, గుంటూరువారు. ఆర్కేడ్ మెషీన్లు ఆయన దగ్గర మూడున్నాయి. నా రెండో మెషీన్ చూడ్డానికి వెళ్లినప్పుడు, నేను ఫ్లిప్పర్ బటన్ల మీద చేతులు పెట్టబోతుంటే ఆపి, “ఆట తర్వాత ఆడొచ్చు బాబూ, ముందు అద్దం తీయమని అడుగు” అన్నారు. అప్పటినుంచి నా వరుస అదే.

ఐదో మెట్టు: మెషీన్ ముందు నిలబడ్డాక

ఇక్కడ కనీసం గంట పెట్టండి. ఆపి ఉన్న మెషీన్‌తో మొదలుపెట్టి, ఆట చివర్లో ఆడాలి.

ముందు నాలుగు పక్కలా తిరిగి కేబినెట్ చూడండి. ఒక పక్క రంగు ముదురుగా, ఇంకో పక్క పాలిపోయి ఉంటే కిటికీ పక్కన పెట్టారని అర్థం. కాళ్లు బిగించిన మూలల్లో చెక్క విచ్చుకుందా? అడుగు పలక మీద నీటి మరకలున్నాయా? ముందు తలుపు తెరిచి వాసన చూడండి. మక్కిన వాసన వస్తే వరద నీళ్లు తగిలి ఉండొచ్చు, తుప్పు లోపలెక్కడో ఉంటుంది. ఎలుకల పెంటికలుంటే వైర్లు కొరికి ఉంటాయి. పవర్ ప్లగ్‌కి మూడో పిన్ ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. గోడ సాకెట్‌కి సరిపడలేదని ఎర్త్ పిన్ కత్తిరించేసిన మెషీన్లు చాలా ఉన్నాయి. ఇనుప పట్టీల మీద చేతులు పెట్టి ఆడే ఆట ఇది. ప్లగ్ మార్చకుండా ఆడొద్దు.

ఇప్పుడు అద్దం. నాణేల తలుపు తెరిచి లోపలి లివర్ తిప్పితే ముందున్న ఇనుప బార్ ఊడుతుంది, అద్దం మీ వైపు జారుతుంది. ఇది టెంపర్డ్ గ్లాస్. మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది గానీ, అంచు సిమెంటు నేలకు తగిలితే క్షణంలో వేల ముక్కలవుతుంది. దుప్పటి తెమ్మన్నది ఇందుకే. అద్దం మీద గీతలున్నా పట్టించుకోవద్దు, 21 అంగుళాలకు 43 అంగుళాల కొత్త అద్దం తేలిగ్గా దొరుకుతుంది.

ప్లేఫీల్డ్ మీద టార్చ్‌ను పైనుంచి కాదు, దాదాపు పడుకోబెట్టినట్టు పక్కనుంచి వేయండి. అప్పుడు గుంటలు, అరుగుదల, లేచిన పెచ్చులు నీడలతో బయటపడతాయి. బంతి ఎక్కువగా తగిలే చోట్లు చూడండి: ఫ్లిప్పర్లకు పైన, బంతి వచ్చి పడే గుంతల అంచులు, బంతిని వదిలే షూటర్ దారి ముగిసే చోటు, స్లింగ్‌షాట్ల (ఫ్లిప్పర్ల పైన బంతిని పక్కకు విసిరే ముక్కోణపు రబ్బర్ల) ముందు. రంగు పోయి కట్టె కనిపిస్తే అది శాశ్వత నష్టం. వెలుగు వచ్చే ప్లాస్టిక్ గుండ్రాల మీద గోరు పెట్టి జరపండి. గోరు అంచు దగ్గర తట్టుకుంటే అవి కుంగాయో, పైకి లేచాయో అన్నమాట. బంతి అక్కడికొచ్చి దారి మళ్లుతుంది. 1990ల విలియమ్స్ ప్లేఫీల్డ్‌లలో చాలావాటికి గట్టి క్లియర్ కోట్ ఉంటుంది, అవి పాతవాటికన్నా బాగా తట్టుకుంటాయి. నల్లటి దుమ్ముగీతలను చూసి మాత్రం వెనక్కి తగ్గొద్దు. అది మురికి, పోతుంది. మురికి మెషీన్ అంటే చాలామంది కొనకుండా వదిలేసిన మెషీన్, ధర దిగేది అక్కడే. కొత్త ప్లేఫీల్డ్ కొన్నింటికి మాత్రమే దొరుకుతుంది, వెయ్యి డాలర్ల పైమాటే. పాతది విప్పి కొత్తదాని మీద అన్నీ బిగించడానికి నాలాంటివాడికి రెండు నెలల శని ఆదివారాలు పడుతుంది.

బంతులు తీసేసి ప్లేఫీల్డ్ పైకి లేపమనండి. ఎలా లేపాలో తెలియకపోతే ఆయన్నే చేయనివ్వండి. కింద వైర్ల అడవి చూసి బెదరకండి. కాయిల్స్ (కరెంటుతో ఇనుప ముక్కలను లాగే తీగచుట్టలు) చుట్టూ కాగితం గోధుమరంగులో కాలిపోయి ఉందా? ఏదైనా వైరు మిగతావాటి రంగులో కాకుండా, మెలితిప్పి టేపు చుట్టి ఉందా? అది ఎవరో తొందర రిపేర్ చేసిన గుర్తు. ఇలాంటివి ఒకటి రెండు మామూలే. పది కనిపిస్తే ఇంకో మెషీన్ చూసుకోండి.

అక్కడే ఫ్లిప్పర్ యంత్రాంగం ఉంటుంది. ఇనుప ప్లంజర్ వచ్చి గుద్దుకునే చివర చూడండి. ఏళ్ల తరబడి దెబ్బలు తిని ఆ చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. కాయిల్ లోపలి ప్లాస్టిక్ గొట్టంలో ఇరుక్కుంటుంది. ఫ్లిప్పర్ నీరసంగా కొట్టడానికి చాలాసార్లు కారణం ఇదే. ‘ఫ్లిప్పర్లు వీక్ అండీ, అందుకే తగ్గించి ఇస్తున్నా’ అనే మెషీన్ దొరికితే నేను సంతోషిస్తాను. ఫ్లిప్పర్ రీబిల్డ్ కిట్ ఖర్చు తక్కువ, ఒక సాయంత్రం పని. కొత్త మెషీన్ కొట్టినట్టు కొడుతుంది.

తర్వాత బ్యాక్‌బాక్స్. తాళంచెవి చాలాసార్లు నాణేల తలుపు లోపల కొక్కేనికే వేలాడుతుంది. బ్యాక్‌గ్లాస్ (దాని ముందున్న బొమ్మల అద్దం) జాగ్రత్తగా పైకెత్తి తీసి, వెనక బల్బుల పలక తెరిస్తే బోర్డులు కనిపిస్తాయి. డబ్ల్యూపీసీలో మూడు ఏఏ బ్యాటరీలుంటాయి. హోల్డర్ స్ప్రింగుల మీద తెల్లటి, ఆకుపచ్చటి పొడి ఉందా? హోల్డర్ కింద, పక్కనున్న చిప్‌ల కాళ్ల దగ్గర, బోర్డు వెనక అంచున చిన్న అద్దం పెట్టి చూడండి. పొడి స్ప్రింగుల దగ్గరే ఆగి ఉంటే కడిగి బాగుచేయొచ్చు. చిప్‌ల దాకా వెళ్తే బోర్డు ధర తగ్గించి మాట్లాడండి.

రెండోది, లైట్లకు కరెంటిచ్చే కనెక్టర్లు. ఒక్కో 44 నంబర్ బల్బు పావు ఆంప్ తాగుతుంది. అలాంటివి డజన్ల కొద్దీ ఉంటాయి. ముప్పై ఏళ్లు ఆ వేడికి తెల్ల కనెక్టర్లు గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతాయి. గోధుమరంగు మామూలే. బొగ్గులా ఉంటే పిన్నులతో సహా మార్చాలి. మూడోది ఫ్యూజులు. పక్కనే అచ్చువేసిన అంకె, ఫ్యూజు మీది అంకె ఒకటేనా? 5 ఆంప్‌లది ఉండాల్సిన చోట 10 పెట్టి నడిపిన మెషీన్‌లో ఫ్యూజుకు బదులు ఇంకేదో కాలి ఉంటుంది.

ఇక ఆన్ చేయమనండి. డబ్ల్యూపీసీలో ‘ఫ్యాక్టరీ సెట్టింగ్స్ రీస్టోర్డ్’ అని వస్తే బ్యాటరీలు అయిపోయాయి. మీ వెంట ఉన్నవి వేయొచ్చు. తర్వాత డిస్‌ప్లే మీద క్రెడిట్స్ అంకెను దగ్గరగా చూడండి. అంకె పక్కన చిన్న చుక్క ఉందా? దూరం నుంచి అసలు కనిపించదు, నలుసులాంటి చుక్క. కానీ మెషీన్ ‘నాలో ఏదో తప్పుంది’ అని చెప్పే మాట అది. నాణేల తలుపు లోపలి బటన్లతో టెస్ట్ రిపోర్ట్ తెరిస్తే ఏ స్విచ్ పనిచేయడం లేదో పేరుతో సహా చెబుతుంది. చాలా బంతుల పాటు ఒక స్విచ్ పడకపోయినా అక్కడ రాస్తుంది, కాబట్టి రిపోర్ట్‌లోని ప్రతిదీ పాడైనట్టు కాదు. వేలితో నొక్కి చూసుకోండి.

అదే మెనూలో కాయిల్స్, లైట్లు ఒక్కొక్కటే పరీక్షించొచ్చు. కొత్తవాళ్లు కంగారుపడే చోటు ఇది: 1990ల మధ్య నుంచి వచ్చిన చాలా మెషీన్లలో నాణేల తలుపు తెరవగానే కాయిల్స్‌కి కరెంట్ ఆగిపోతుంది. ఒక్కటీ కొట్టడం లేదని టెన్షన్ పడకండి. తలుపు దగ్గరున్న భద్రతా స్విచ్‌ను బయటికి లాగితే మళ్లీ వస్తుంది. ఆ సమయంలో లోపల చేతులు పెట్టొద్దు. కాయిల్స్‌కి 50 వోల్టులు దాటి వస్తుంది, డిస్‌ప్లేకి అంతకన్నా ఎక్కువ.

చివరికి ఆట. ఇరవై నిమిషాలు ఆపకుండా ఆడండి. ప్రతి ర్యాంప్, ప్రతి లక్ష్యం కనీసం ఒకసారి కొట్టండి. రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి గబగబా నొక్కి చూడండి. ఆ క్షణంలో మెషీన్ ఆగి మొదటినుంచి మొదలైతే, 5 వోల్టుల సరఫరా పడిపోతోందని అర్థం. డబ్ల్యూపీసీలో ఇది చాలా తరచుగా కనిపించే జబ్బు, కారణం సాధారణంగా రెక్టిఫయరో, పాత కెపాసిటరో, కనెక్టరో. బాగయ్యేదే, కానీ సోల్డరింగ్ తెలిసినవాళ్లు కావాలి. డిస్‌ప్లేలో కొన్ని గీతలు మాయమైతే అది ముసలిదైంది. బదులుగా ఎల్‌ఈడీ డిస్‌ప్లేలు వస్తున్నాయి, కొన్ని వందల డాలర్లు లెక్క వేసుకోండి.

ఆరో మెట్టు: బేరం

చూసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఉంటారు. అందులో రెండో రకం లోపాలను మాత్రమే బేరంలో పెట్టండి. రబ్బరు చిరిగింది, బల్బు వెలగలేదు అని ఏకరువు పెడితే అమ్మేవాళ్లకు విసుగు. ‘బోర్డు రిపేర్‌కి 300, కనెక్టర్లకు 100 అవుతుంది, అందుకని 400 తగ్గిస్తే ఇప్పుడే తీసుకెళ్తాను’ అని చెబితే మర్యాదగా ఉంటుంది, లెక్కా ఉంటుంది. నగదు, బండి రెండూ సిద్ధంగా ఉంచుకోండి. మాన్యువల్, పాత విడిభాగాలు, అదనపు తాళంచెవులు ఉన్నాయేమో అడగండి. ఎక్కడో షెల్ఫ్‌లో ఉంటాయి, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు.

ఏడో మెట్టు: ఇంటికి తేవడం

బండి అద్దెకు తీసుకోవాల్సిన పని లేకపోవచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే ఆ మినీవ్యాన్ ఉంది కదా, సియెన్నా గానీ ఒడిస్సీ గానీ. మధ్య సీట్లు తీసి, లేదా వీలైనంత ముందుకు జరిపి, వెనకవి మడిస్తే, కాళ్లు విప్పిన పిన్‌బాల్ అందులో పడుతుంది. వెళ్లేముందు కొలుచుకోండి.

బంతులన్నీ తీసి జేబులో వేసుకోండి. కేబినెట్ లోపల వేలాడే టిల్ట్ లోలకాన్ని (మెషీన్‌ను గట్టిగా ఊపితే ఆట ఆపేది) కూడా తీసేయండి. దారిలో ఇవి వదులైతే ప్లేఫీల్డ్‌ను, బోర్డులను కొట్టి పాడుచేస్తాయి. 1990ల మెషీన్లలో బ్యాక్‌బాక్స్ వెనక గడియ తీసి ముందుకు మడవొచ్చు, మధ్యలో దుప్పటి వేసి పట్టీతో బిగించండి. పాత ఎలక్ట్రోమెకానికల్ వాటిలో తలభాగం విడిగా ఊడదీయాలి, ప్లగ్గులు విప్పేముందు ఫోటోలు తీసుకోండి. మడిచాక ముందు చివర ఎత్తి ముందు కాళ్లు విప్పి దుప్పటి మీదకు దించండి, తర్వాత వెనక కాళ్లు. కాళ్ల బోల్టులకు సాకెట్ రెంచ్ మీదే తీసుకెళ్లండి. ఇద్దరు బలమైనవాళ్లు చాలు, కానీ మెట్లుంటే ముగ్గురు, చక్రాల ట్రాలీ. మెట్ల మీద మెషీన్‌కి కింది వైపు ఒక్కరే నిలబడొద్దు.

మొదటి వారం

కాళ్లు బిగించి, అడ్డంగా సమంగా ఉందో లేదో నీటి మట్టంతో చూసి, 1990ల మెషీన్లకు వెనక వైపు ఎత్తుగా, మీ వైపుకు వాలు 6.5 డిగ్రీలకు పెట్టండి. ఫోన్‌ని ప్లేఫీల్డ్ మీద పెట్టి కొలవొచ్చు. వాలు తక్కువైతే బంతి తేలుతున్నట్టు మందంగా కదులుతుంది, ఆటలో ప్రాణం ఉండదు.

ఆడేముందు బ్యాటరీల సంగతి తేల్చండి. మొట్టమొదట చేయాల్సింది ఇదే. హోల్డర్‌ను వైరుతో బోర్డుకు దూరంగా పెట్టించండి, లేదా బ్యాటరీ అవసరమే లేని మెమరీ చిప్ వేయించండి. నా గెటవేలో ఇప్పుడు బ్యాటరీలే లేవు. తర్వాత కొత్త బంతులు. ఒక్కోటి 80 గ్రాముల ఉక్కు గుండు, గీతలు పడిన పాత బంతి గరుకు కాగితంలా రంగును గీరేస్తుంది. అవి చవక, ఏడాదికొకసారి మార్చండి. ప్లేఫీల్డ్‌ను శుభ్రం చేసి కార్నోబా వ్యాక్స్ రాయండి. రబ్బర్ల సెట్టు మెషీన్ పేరుతోనే దొరుకుతుంది. లైట్లను ఎల్‌ఈడీలకు మారిస్తే వేడి తగ్గి కనెక్టర్లకు ఆయుష్షు పెరుగుతుంది.

హైదరాబాద్‌కో, విశాఖకో తీసుకెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు రెండు మాటలు. 1990ల విలియమ్స్ మెషీన్లలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి జంపర్ మార్చి మన 230 వోల్టులకు పెట్టుకోవచ్చు, తెలిసినవాళ్ల చేతే చేయించండి. పాత ఎలక్ట్రోమెకానికల్ వాటిలో మోటారు మన 50 హెర్ట్జ్‌కి నెమ్మదిగా తిరుగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో తుప్పు ఒక పెద్ద సమస్య. రబ్బర్లు, కాయిల్స్, ఫ్యూజులు ముందే రెండు సెట్లు కొని మెషీన్ అడుగు పెట్టెలో పెట్టి పంపండి.

చివరగా, కేబినెట్ లోపల ఒక చిన్న నోట్‌బుక్ ఉంచండి. ఏ తారీఖున ఏ స్విచ్ సరిచేశారో, ఏ ఫ్యూజు మార్చారో రాయండి. నా గెటవేలోని నోట్‌బుక్ మొదటి పేజీలో బోర్డు రిపేర్ బిల్లు అంటించి ఉంది, దాని కింద ఎడమ ఫ్లిప్పర్ రీబిల్డ్ చేసిన శనివారం తారీఖు. ఆ రాత్రే, బాగుచేశాక మొదటిసారి, బంతి ర్యాంప్ దాటి అయస్కాంతాల చుట్టలోకి నేరుగా దూరింది.